ఆకుల వంతు అంబలి

నీలం చుక్క ఇంకా పావు దూరం కూడా పోలేదు. పోతుందిలే, పోక ఏం చేస్తుంది, కరెంటు ఉన్నంతసేపూ ఎర్ర వైరు వైపు పాకుతూనే ఉంటుంది, కాకపోతే ఈ కొండల్లో కరెంటుని నమ్ముకున్నవాడూ మబ్బుని నమ్ముకున్నవాడూ ఒకటేనని మా అటెండరు అప్పన్న అంటాడు, ఇవాళ చూస్తే కరెంటూ మబ్బూ రెండూ నా నెత్తినే ఉన్నాయి. కూర్చోవే రత్నాలూ, గుడ్లప్పగించి చూస్తే చుక్కేమీ తొందరగా పోదు అని నాకు నేనే చెప్పుకుంటున్నాను. అరచేతి వెడల్పు జెల్ పలక, చుట్టూ ఉప్పునీళ్ళ తొట్టి, పలక అంచున వరసగా చిన్న చిన్న గుంటలు. ఒక గుంటలో ఉత్త నీళ్ళు పోశాను. పక్కదాంట్లో రోగం ఉందని ఖాయంగా తెలిసిన ఒక తీగ సారం. మిగతా రెండూ గంగవి, అంటే గంగ మిరియాల తీగలవి. ఒకదాంట్లో తీగ సొంత జన్యువు, రెండోదాంట్లో వైరస్ అంటూ ఉంటే దాని జన్యువు. చుక్క అవతలి అంచుకి చేరాక పలకని తీసి యూవీ లైటు మీద పెడితే, ఉన్నచోట నారింజ రంగు గీత వెలుగుతుంది, లేనిచోట చీకటి. గంగ మొదటి గుంట వెలగాలి, రెండోది చీకటిగా ఉండాలి. అదొక్కటే కావాలి నాకు, ఇంకేమీ అడగను. రెండూ వెలిగాయా, రోగం ఉన్నట్టే, రేపు పొద్దున్న కింద నుంచి బృందం వచ్చి తీగలన్నీ పీకి తగలబెడుతుంది. రెండూ చీకటయ్యాయా, ఏమీ తెలియనట్టు. ఇదివరకు చేసిన రెండు పరీక్షల్లోనూ అదే అయింది. తెలియకపోయినా తగలబెట్టమనే ఉత్తర్వు.

గంగ మా ల్యాబు వరండాలో కూర్చుంది. కుర్చీ వేస్తే కూర్చోలేదు, గోడకి చేరబడి, మోకాళ్ళ మధ్య అంబలి పోసిన ఆనపబుర్ర పెట్టుకుని, వాన వైపు చూస్తోంది. కిటికీ అద్దంలోంచి నాకు ఆమె భుజమూ ముక్కుకమ్మీ కనిపిస్తున్నాయి. డుంబ్రిగుడ అవతలి కొండ మీద ఊరు, తెల్లారకముందే బయల్దేరి నడిచొచ్చింది, తడిసింది, తువ్వాలిస్తే తల తుడుచుకుని మడతపెట్టి నాకే ఇచ్చేసింది. రాగానే ఒక్క మాటే అడిగింది: "ఏటమ్మీ, తేలిపోద్దా ఇయ్యాల?" తేలిపోతుందప్పా అన్నాను, ఇక్కడ అక్కని అప్పా అనే పిలుస్తాం, అంత ధైర్యంగా ఎలా అన్నానో ఆ దేవుడికే తెలియాలి. ఆమె మొగుడు సోంబరు రాలేదు. నిన్నంతా కత్తి నూరుకున్నాడట. ఎవడో జీపులోంచి దిగి నా తీగని నరకడమేటి, నాటినోడిని నానున్నాను, నానే నరికేత్తాను, పొద్దు గుంకేలోపల కబురు తెస్తే సరే, లేదంటే ఇక నా సెయ్యి ఆగదు అన్నాడట. ఆ మాట గంగ చెబుతున్నప్పుడు ఏడవలేదు, గొంతు కూడా మారలేదు, సంతలో ఉల్లిపాయలు ఎలా ఉన్నాయో చెప్పినట్టు చెప్పింది. తర్వాత మాత్రం, "నా తీగలు పోతే పోనీ గానీ" అంది. ఆ పోనీ గానీలోనే ఉంది అంతా. ఆ ఊళ్ళో సిల్వర్ ఓక్ చెట్ల మీద పాకే ప్రతి మిరియాల తీగా గంగ తల్లితీగల నుంచి కోసుకెళ్ళిన ముక్కే, ఎవరడిగినా లేదనకుండా ఇచ్చింది, పెళ్ళయిన పిల్లకిచ్చింది, కొత్త కాపరానికిచ్చింది, తనతో మాట్లాడని తోటికోడలికి కూడా ఇచ్చింది. ఆకులు కురచబడి ముడుచుకున్నది గంగ తోటలోనే మొదలు. తల్లికి రోగమని తేలితే పిల్లలన్నీ పోవాల్సిందే. "నానిచ్చిన తీగని ఇంకోళ్ళ గుమ్మంలో నరుకుతుంటే నానెక్కడ నిలబడాల?" అంది. గబగబా లోపలికొచ్చి తొడుగులు వేసుకున్నాను.

తొడుగులు, ఎప్పుడు చూసినా తొడుగులు. ఉద్యోగంలో చేరినరోజే మా రామారావు సార్ కళ్ళజోడు పైకి తోసుకుని, "అమ్మాయ్, ఈ గదిలో నీ శత్రువెవరో చెప్పనా, నీ చెయ్యే" అన్నారు. నేను నవ్వాను. నవ్వుతావు నవ్వు, వారం రోజుల్లో ఏడుస్తావు అన్నారు, అలాగే ఏడ్చాను కూడా. ఈ పరీక్షకి కావలసింది ఆకులోని ఆర్ఎన్ఏ, అది కణంలో ఆ పూట పని చెప్పే చీటీ, పని అవగానే చిరిగిపోవాలి కాబట్టి చిరిగిపోయేలాగే దేవుడు చేశాడు, దాన్ని చింపే ఎంజైము మన చెమటలో ఉంటుంది, వేలి కొసన ఉంటుంది, మాట్లాడితే తుంపరలో ఉంటుంది. గాజుసామాను రాత్రంతా ఓవెన్‌లో కాల్చాలి, నీళ్ళకి మందు కలిపి మళ్ళీ ఆ మందు పోయేదాకా ఉడికించాలి, మూత తీసినప్పుడు ఊపిరి బిగబట్టాలి. బొద్దింకని చంపే సామాను కంటే దీన్ని బతికించే సామానే ఎక్కువ. మా అమ్మ ఒకసారి చూడ్డానికొచ్చి, ఇదేం మడే తల్లీ, మీ నాయనమ్మ నయం అంది. మా అమ్మ మడి సంగతి మా అమ్మకి తెలియదు పాపం. ముంచింగిపుట్టు సంతలో మా నాన్న సూర్యనారాయణ కొట్టు, ఉప్పూ కిరసనాయిలూ బెల్లమూ, అమ్మ ఎప్పుడు బెల్లం పొట్లం కట్టినా కొండవాళ్ళ చేతికివ్వదు, బల్ల మీద పెడుతుంది, వాళ్ళు బల్ల మీంచి తీసుకుంటారు. చిన్నప్పుడు అదొక పద్ధతనే అనుకున్నాను, అందరి కొట్లూ అంతే కదా. ఎక్కడ మొదలుపెట్టాను, ఎక్కడికొచ్చాను. చుక్క సగానికి వచ్చినట్టుంది, లేదు, ఇంకా రాలేదు.

ఆకుని ద్రవ నత్రజనిలో గడ్డకట్టించి రోట్లో పొడి చెయ్యాలి. ఆ నత్రజని విశాఖపట్నం నుంచి క్యాన్లో రావాలి, జీపు ఘాట్ రోడ్డు ఎక్కి వచ్చేసరికి సగం ఆవిరైపోయి మిగతా సగం మాకు దక్కుతుంది, పోనీలే, దక్కినంత దక్కింది. పొడిని ఫినాల్లో కలిపి, క్లోరోఫాం పోసి తిప్పితే గొట్టంలో మూడు అరలు ఏర్పడతాయి, అడుగున ఎర్రటిది, మధ్యలో తెల్లటి పొర, పైన తేట నీరు. తేటలో మన ఆర్ఎన్ఏ. ఆ తేటని పైపైన పీల్చాలి, మధ్య పొర తగిలిందా పని మొదటికొస్తుంది. తర్వాత ఆల్కహాల్ పోస్తే ఆర్ఎన్ఏ అడుగున చేరుతుంది, దాన్ని కడగాలి, మళ్ళీ కడగాలి. "ఆర్ఎన్ఏ తీయడం పెద్ద పని కాదమ్మాయ్, దాని వెంట వచ్చిన వాళ్ళని సాగనంపడమే పని" అంటారు సార్. పెళ్ళివారి లాగన్నమాట, పిల్లని పంపించమంటే బండెడు చుట్టాలొస్తారు, ఫినాల్ ఒక మేనమామ, ఉప్పు ఒక పెద్దత్త, ఆల్కహాల్ ఒక తాగుబోతు బావ, ఏ ఒక్కరు మిగిలినా తర్వాతి ఎంజైము అలిగి కూర్చుంటుంది, పని చెయ్యనంటుంది. ఆర్ఎన్ఏని డిఎన్ఏగా తిరగరాసే ఎంజైము అది, మహా సుకుమారి, కొండంత ధర పెట్టి తెప్పిస్తే చిటికెడు ఫినాల్‌కే స్పృహ తప్పుతుంది.

మొదటిసారి గంగ ఆకుల నుంచి తీసింది చూసి నేను సంబరపడ్డాను కూడా. అడుగున ఇంత ముద్ద. అబ్బో ఎంత ఆర్ఎన్ఏ, రొట్టె విరిగి నేతిలో పడింది అనుకున్నాను. తీరా చూస్తే అది ముద్ద కాదు, జిగురు. గొట్టాన్ని వంచితే జారుతోంది, నీళ్ళలో కరగమంటే కరగదు, పీలిస్తే తీగలా సాగుతోంది. మిరియాల ఆకులో సహజంగానే జిగురుంటుంది లెమ్మని సరిపెట్టుకున్నాను. పరీక్ష చేస్తే ఖాళీ. వైరస్ గుంటా చీకటే, సొంత జన్యువు గుంటా చీకటే. ఎదురుగా పచ్చగా బతికున్న తీగకి దాని సొంత జన్యువే లేదంటే నవ్విపోరూ! రెండోసారి ఫినాల్ రెండుసార్లు, క్లోరోఫాం మూడుసార్లు, ఆల్కహాల్ కడుగుళ్ళయితే చేతులు మొద్దుబారేదాకా. మళ్ళీ అదే జిగురు, అదే చీకటి. ఆ సాయంత్రం గొట్టం పుచ్చుకుని సార్ గదిలోకెళ్ళి, నాకీ పని రాదు సార్, ఇంకెవరినైనా పెట్టుకోండి అన్నాను. కోపంగానే అన్నాను, ఏడుపు కూడా ఉంది అందులో. సార్ గొట్టాన్ని వెలుతురులో తిప్పి చూసి, "పక్క తోటల మిరియం ఆకులకి ఇట్లా రాలేదు కదా" అన్నారు. రాలేదు. అదే మిరియం, అదే మట్టి, అదే నేను. ఒక్క గంగ ఆకులకే ఈ జిగురు. "అయితే ఆకులో లేదమ్మాయ్, ఆకు మీద ఉంది. మళ్ళీ వెళ్ళి, ఈసారి అక్కడే ఉండి చూసి కోసుకురా."

గూడ్సు బండి కూత. బొర్రా వైపు సొరంగాల్లోకి పోయే బండి, ఖనిజం మోసుకుని అంత పొడుగు బండి పోతుంటే మా బెంచీ మీద గొట్టాలన్నీ సన్నగా వణుకుతాయి, తొట్టిలో నీళ్ళ మీద కూడా ముడతలొస్తాయి. వెళ్ళు తల్లీ వెళ్ళు, నా పలకని కదపకుండా వెళ్ళు. చుక్క సగం దాటింది, ఇప్పుడు నిజంగానే దాటింది. అప్పన్న తలుపు సందులోంచి టీ గ్లాసు చూపించాడు, ఈ గదిలో తాగకూడదని వాడికీ తెలుసు, అయినా చూపిస్తాడు, "మేడమ్, గంగమ్మకి ఇస్తే ఒద్దంతంది" అన్నాడు. ఎందుకట అన్నాను. "మీరు తాగాక తాగుద్దంట." ఉసూరుమనిపించింది. టీ చల్లారిపోయుంటుంది ఇప్పటికి.

ఆ రోజు కొండెక్కి వెళ్ళేసరికి గంగ నా కోసం ఎదురుచూస్తూ ఉంది. అంతకుముందు రెండుసార్లు నేను వెళ్ళినప్పుడూ ఇంటి ముందు పీట వేసి, ఆనపబుర్రలోంచి చోడి అంబలి, అంటే రాగి జావ, ఆకు డొప్పలో పోసి ఇచ్చింది, నేను రెండుసార్లూ వద్దప్పా అన్నాను. తొడుగులు వేసుకుని ఉన్నాను, కోసే కత్తెర ఆల్కహాల్‌తో తుడుచుకుని ఉన్నాను, మధ్యలో తింటే తాగితే మళ్ళీ అంతా మొదలు. ఆ రెండుసార్లూ నేను గుర్తుపెట్టిన తీగల దగ్గర నిలబడి, ఎవరినీ దగ్గరికి రానివ్వకు, నీళ్ళు తగలనివ్వకు, నేను జీపులోంచి మంచు పెట్టె తెచ్చుకునేదాకా కాపలా ఉండు అని చెప్పి కిందికి దిగాను. దిగి ఎక్కడానికి నాకు ఆయాసం, ఆమెకి కావలసినంత సమయం. ఈసారి మాత్రం పెట్టె మోసుకునే వచ్చాను. గంగకి ఆ సంగతి తెలియదు. నేను చెట్టు చాటున పెట్టె తెరుస్తుంటే ఆమె తీగ దగ్గరికి పోయింది, బుర్ర మూత తీసింది, వేళ్ళతో ఇంత అంబలి తీసి, గుర్తు కట్టిన ఆకు మీద రాసింది. పసిపిల్ల మూతికి పెట్టినట్టు మెల్లిగా రాసింది. పక్క ఆకుకీ రాసింది, ఆరితే కనపడనంత పలచగా. ఏదో అంటోంది, పెదాలు కదులుతున్నాయి.

"అప్పా! ఏం చేస్తున్నావప్పా!" అని అరిచాను, కొండంతా వినబడేట్టు అరిచాను. గంగ ఉలిక్కిపడింది గానీ తప్పు చేసినదానిలా లేదు. "ఏటి సేత్తన్నాను? అంబలెడతన్నాను" అంది. ఆకులకి అంబలేమిటప్పా! "ఊరొదిలి పోతన్నాయి కదేటి. కడుపు మాడ్సి పంపిత్తారేటి ఎవులైనా? మా ఇంట్లోంచి ఏదీ ఆకలితో గుమ్మం దాటదు. కోడిపిల్లని సంతకి తోలినా గింజెట్టే తోల్తాను." నీళ్ళు తగలనివ్వద్దని చెప్పాను కదా అన్నాను. అప్పుడు గంగకి నిజంగానే కోపమొచ్చింది. "తగలనిచ్చినానేటి? ఒక్క సుక్క నీళ్ళు తగలనిచ్చినానేటి? అంబలి నీళ్ళేటి?" ఆమె చెప్పింది నిజం, నా మాట తు.చ. తప్పకుండా పాటించింది. తర్వాత గొంతు తగ్గించి, బుర్రకి మూత బిగిస్తూ, నా వైపు చూడకుండా అంది, "నువ్వా తాగవు. ఆ తొడుగులేసుకోని నా డొప్ప ముట్టనే ముట్టవు. ఆకులైనా తాగి ఎల్తాయని." మా అమ్మ బల్ల గుర్తొచ్చింది. బల్ల మీద బెల్లం పొట్లం, బల్లకి అవతల ఇలాంటిదే ఒక ముక్కుకమ్మీ. అది కాదప్పా, నా చెయ్యే మురికి, నీ ఆకు కాదు, అని చెప్పబోయాను, ఎక్కడ మొదలుపెట్టి ఏమని చెప్పను, చెమట గురించి, ఎంజైము గురించి, ఆ చెట్టు కింద. చివరికి నా నోట్లోంచి వచ్చిన మాట వేరు. "వీటికి పెట్టకప్పా. పరీక్ష అయ్యాక ఆకుల వంతు నేను తాగుతాను, ఒట్టు" అన్నాను. గంగ నన్ను కిందికీ పైకీ చూసింది. "ప్రతి ఆకు వంతూనా?" ప్రతి ఆకు వంతూ అన్నాను. "సరే కోసుకో" అని పక్కకి జరిగింది.

తిరిగొచ్చి పాత జిగురు గొట్టం ఫ్రిజ్‌లోంచి తీశాను. అప్పన్న వేలు తెగినప్పుడు పూసుకునే టింక్చర్ అయోడిన్ సీసా బీరువాలో ఉంది, ఒక చుక్క వేశాను. నీలం. బళ్ళో ఆరో తరగతిలో గంజిలో అయోడిన్ వేసి చూపించారే, అదే నీలం, నల్లగా తిరిగిన నీలం. ఉడికిన చోడిపిండి! పెళ్ళికి పోతూ పిల్లిని చంకన పెట్టుకుపోయినట్టు, ఆల్కహాల్ పోసినప్పుడల్లా ఆర్ఎన్ఏ కిందికి దిగుతూ ఆ గంజిని కూడా పట్టుకునే దిగింది, ఎంజైము ఆ గంజిలో కాళ్ళు కూరుకుపోయి పడుంది, నేనేమో ఫినాల్ని తిట్టాను, ఆల్కహాల్ని తిట్టాను, నన్ను నేను తిట్టుకున్నాను. సార్ ఆ గొట్టం చూసి కుర్చీలో వెనక్కి వాలి నవ్వారు, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నవ్వారు, ఆయన అంతలా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు. నవ్వీ నవ్వీ లేచి, అడుగు అరలోంచి లిథియం క్లోరైడ్ సీసా తీసి బల్ల మీద పెట్టారు. "ఇది పోసి మంచులో ఉంచు. ఆర్ఎన్ఏ ఒక్కటే దిగుతుంది, జిగురంతా పైనే ఉండిపోతుంది. కొత్త ఆకులకీ ఇదే చెయ్యి, గంగమ్మని నమ్మలేం" అన్నారు. నాకు నమ్మకమే, ఒట్టు వేయించుకుందిగా. అయినా పోశాను. పొద్దున్న తిప్పి చూస్తే గొట్టం అడుగున గోటి కొసంత, చూసీ చూడనట్టు, తేటగా ఒక చిన్న ముద్ద. వంచితే జారలేదు. కడిగితే పోలేదు. నీళ్ళు చుక్క వేస్తే పంచదారలాగా కరిగిపోయింది. ఇంతకాలం ముద్ద పెద్దదైతే మంచిదనుకున్నాను, ఇంత చిన్నదాని కోసమా ఈ పాటు! బెంచీ దగ్గర ఒక్కదాన్నే నిలబడి నవ్వుకున్నాను. ఆ నవ్వు మధ్యాహ్నందాకా కూడా మిగల్లేదు, ఎందుకంటే ముద్ద శుభ్రంగా ఉన్నంత మాత్రాన తీగ శుభ్రంగా ఉన్నట్టు కాదు. శుభ్రమైన ఆర్ఎన్ఏ నిజమే చెబుతుంది, ఆ నిజం ఏదో మాత్రం ఇప్పటికీ తెలియదు.

ఫ్యాను ఆగింది. లైటు ఆగింది. అయ్యో! చుక్క ఆగిపోయింది. అంచుకి ఇంకొంచెమే ఉంది, రెండు వేళ్ళ దూరం, అక్కడ నిలబడిపోయింది. ఊరికే నిలబడితే ఫరవాలేదు, ఎక్కువసేపయితే గీతలు పలకలో పలచబడి చెదిరిపోతాయి, వెలగాల్సినవి కూడా వెలగవు, మూడోసారి చీకటి, ఇక నాలుగోసారి లేదు. గోరుచుట్టు మీద రోకలిపోటంటే ఇదే. "అప్పన్నా!" అని అరిచాను, వాడు అప్పటికే వానలో జనరేటరు షెడ్డు వైపు పరిగెడుతున్నాడు, తల మీద గోనెసంచి. తాడు ఒక గుంజు, జనరేటరు దగ్గింది. రెండో గుంజు, దగ్గింది. కిటికీలోంచి గంగ లేచి నిలబడడం కనిపించింది, ఆమెకి ఏమీ తెలియదు, చీకటి పడిందని మాత్రం తెలుసు. పొద్దు గుంకేలోపల అన్నాడు సోంబరు, ఈ మబ్బుకి పొద్దు గుంకిందో లేదో ఎవరికి తెలుస్తుంది, అక్కడ కొండ మీద ఆయన కత్తి తీసుకుని లేచాడేమో. మా ఇంట్లో దేవుళ్ళందరినీ తలుచుకున్నాను, చాలక గంగ కొండ మీది దేవతని కూడా తలుచుకున్నాను, ఆమె పేరు తెలియక గంగ దేవతా అన్నాను. జనరేటరు అందుకుంది. బల్బు ఎర్రగా, తర్వాత పసుప్పచ్చగా, తర్వాత తెల్లగా. తొట్టి వైర్ల దగ్గర సన్నగా బుడగలు లేచాయి. చుక్క కదిలింది.

సార్ వచ్చారు. ఇద్దరం చీకటి గదిలోకెళ్ళాం. పలకని రెండు చేతులతో పట్టుకుని లైటు పెట్టె మీద దించాను. "వేస్తున్నా" అన్నారు. స్విచ్ టక్కుమంది. నేను కళ్ళు మూసుకున్నాను, ఇంత చదువు చదివి కళ్ళు మూసుకున్నాను. అనండి సార్, తిట్టండి, ఏదో ఒకటి అనండి. కళ్ళు తెరిచాను. నీళ్ళ గుంట కింద చీకటి. రోగం తీగ గుంట కింద నారింజ గీత. గంగ మొదటి గుంట కింద గీత, దట్టంగా, నిండుగా, కడిగిన ఇంటి గడప మీద ముగ్గులా స్పష్టంగా. దాని పక్కన, గంగ రెండో గుంట కింద, చీకటి. నేను వంగాను. ముక్కు గాజుకి తగిలేంత వంగాను. చీకటే. పక్క నుంచి చూశాను, చీకటే. "లేదు కదా సార్" అన్నాను. "లేదమ్మాయ్" అన్నారు. "నిజంగా లేదు కదా సార్?" "సొంత జన్యువు అంతలా వెలుగుతుంటే ఇంకా అనుమానమేంటి. ఆకు కురచబడింది జింకు లోపమో ఏదో అయుంటుంది, అది తర్వాత చూద్దాం. నేను ఫోన్ చేసి చెబుతాను, జీపులు రానక్కర్లేదని. నువ్వెళ్ళి ఆవిడకి చెప్పు." తలుపు తోసుకుని నడిచాను.

వరండాలోకి వచ్చేసరికి కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి, తుడుచుకుందామంటే చేతికి తొడుగులు, వాటి మీద పలక రసాయనం, తుడుచుకోకూడదు. గంగ నా మొహం చూసింది. తర్వాత మెల్లగా చెంగు దోపుకుని, "పోనీలే అమ్మీ, ఏడవకు. నీ తప్పేటుంది. నానెల్లి ముసిలోడితో పాటు నరుకుతాను, ఒక్కడే నరకలేడు" అంది. "లేదప్పా! లేదు!" అన్నాను. "ఏటి లేదు?" "రోగం లేదు. నీ తీగలకి ఏ రోగమూ లేదు. నువ్విచ్చిన తీగల్లో ఒక్కటి కూడా నరకక్కర్లేదు. ఉంచెయ్యప్పా, అన్నీ ఉంచెయ్." గంగ నిలబడ్డది నిలబడ్డట్టే గోడకి ఆనుకుని కిందికి జారింది. ఏడవలేదు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, వానని చూస్తూ, ఊపిరి ఒకటి పొడుగ్గా వదిలింది. ఆ తర్వాత ఒక్కసారిగా, "ముసిలోడు! కత్తి!" అని లేవబోయింది. తడిసి ముద్దయిన అప్పన్న అప్పటికే మోపెడ్ స్టార్ట్ చేస్తున్నాడు, "నానెల్తానులే గంగమ్మా, కాలవ దగ్గర బండి దిగినా అరగంటలో ఉంటాను" అని అరిచాడు. "బేగెల్లు నాయనా, బేగెల్లు, నాకిక్కడ పనుంది" అంది గంగ.

ఏం పనప్పా అన్నాను. ఆనపబుర్ర మూత తీస్తోంది. "మర్సిపోనావేటి? ఆకుల వంతు." నేను తొడుగులు లాగేశాను, తిరగేసి చెత్తబుట్టలో పడేశాను, వాన చూరు కింద చేతులు పెట్టి రుద్ది రుద్ది కడుక్కున్నాను. తొడుగుల్లో నాని నాని తెల్లగా, ముడతలు పడి, నాకే కొత్తగా ఉన్నాయి నా చేతులు. గంగ నా చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది, అరచెయ్యి, వేళ్ళు, గోళ్ళు, అన్నీ చూసింది. "బాగానే ఉన్నాయి కదే గుంటా, ఈటినా ఇన్నాళ్ళూ దాసినావు?" అంది, చిన్నపిల్లని గుంటా అని పిలిచినట్టు. నవ్వొచ్చింది, ముక్కు కారుతూనే నవ్వొచ్చింది. దోసిలి పట్టాను. చల్లగా, పుల్లగా, అడుగున ఉల్లిపాయ ముక్కతో అంబలి నిండింది. వేళ్ళ సందుల్లోంచి కారిపోకముందే తాగేశాను. పొద్దున్నుంచీ ఏమీ తినలేదని అప్పుడు తెలిసింది. డొప్ప ఉంది కదప్పా, దాంట్లో పొయ్యరాదా అన్నాను. "డొప్ప నాకు. నువ్వు సేత్తోనే తాగాల" అని, అప్పన్న వదిలెళ్ళిన టీ గ్లాసు ఇప్పుడు తన వైపు జరుపుకుని, బుర్ర మళ్ళీ వంచింది. "ఇది రెండో ఆకుది." ఇంకా ఎన్ని ఆకులున్నాయప్పా? "కోసినదానివి నువ్వు, నన్నడగతావేటి." కింద రోడ్డు మలుపులో అప్పన్న మోపెడ్ శబ్దం సన్నబడుతోంది. నేను మళ్ళీ దోసిలి పట్టాను.